నాభిని పట్టవలెను

వికారాబాదు, తాండూరుల నడుమనున్న ధారూరులో ఒక అద్దెకారు నిలిచిపోయినది. ఒక కుటుంబమునకు అదియే జీవనాధారము. టైమింగు బెల్టు మార్చుటకు ముందు క్రాంకు పుల్లీ ఊడవలెను. బోల్టు వచ్చినది, పుల్లీ మాత్రము కదలదు. యజమాని సుత్తి నందించెను. కోపమునకు చేరువగా నుండు సాధనము సుత్తియే కదా! మెకానిక్ దానిని తాకలేదు.

ఇట్టి పుల్లీ ఏకలోహము కాదు. నాభికిని వెలుపలి వలయమునకును మధ్య రబ్బరు పొర యుండి యంత్రకంపమును శమింపజేయును. అంచు పట్టి లాగినచో రబ్బరు చీలి వలయము చేతికి వచ్చును. నాభి అచ్చటనే నిలుచును. మంట చూపినను మాడునది రబ్బరే. ముండకోపనిషత్తు అరములన్నియు కూడు రథనాభిని ఉపమానముగా గ్రహించుట ఊరకనే కాదు.

అతడు తుప్పు వదలించు నూనె పోసి వేచెను. పిదప నాభిలోని మరరంధ్రములకే పుల్లరు బిగించి, షాఫ్టు మరలు చెడకుండ నడుమ లోహపు బిళ్ళ నుంచి, మెల్లగా త్రిప్పెను. పుల్లీ జారి వచ్చినది, రబ్బరు చెదరలేదు.