ఖాళీ సీట్ల ఖరీదు

నాకు బేరమాడడం చేతకాదు. ఈ మాట నేనంటున్నది కాదు. పెళ్ళయిన నాటినుంచీ మా ఆవిడ అంటున్నది. గాజువాక బజారులో ఆవిడ వంకాయలు బేరమాడుతుంటే నేను సంచీ పట్టుకుని నాలుగడుగుల దూరాన నిలబడేవాణ్ణి. అటువంటి నేను 2013లో ఉద్యోగం కోసం ఒంటరిగా మస్కట్ వెళ్ళాను.

ఆ రోజుల్లో అక్కడి టాక్సీలకు మీటర్లుండేవి కావు. తెలుపూ నారింజా రంగుల కారు వచ్చి ఆగుతుంది. ఆపైన మన అదృష్టం! నడిపేవాళ్ళందరూ ఒమానీలే. ఒక సాయంత్రం రూవీనుంచి మత్రా రేవుకు వెళదామని, మా ఆవిణ్ణి తలుచుకుని, "ఎంత?" అన్నాను. తెల్లగడ్డం పెద్దాయన నాకంటే మంచి హిందీలో రెండు రియాళ్ళన్నాడు. రియాలంటే అప్పట్లో ఇంచుమించు నూటయాభై రూపాయలు. ఒక రియాలుకు దింపి, కారంతా నాదే అన్నట్టు కాలుమీద కాలు వేసుకుని కూర్చున్నాను.

ఆ రాత్రి గదిలో మలయాళీ మిత్రుడు తాను అదే దూరానికి రెండువందల బైసాలే ఇస్తానన్నాడు. వెయ్యి బైసాలు ఒక రియాలు. నా ఒళ్ళు మండిపోయింది. మర్నాడు స్టాండులో ఆ పెద్దాయనను పట్టుకుని, నలుగురిలో మోసగాడన్నాను. ఆయన ఒక్క మాటా అనలేదు. అరరియాలు నోటు నా చేతిలో పెట్టి, అటు తిరిగిపోయాడు.

ఈ ఘనకార్యం చెబితే మిత్రుడు నొసలు చిట్లించాడు. "నలుగురితో కలిసి ఎక్కావా, ఎంగేజ్ చేశావా?"

ఎంత అని ముందుగా అడిగితే కారంతా మాట్లాడుకున్నట్టేనట! నాలుగు సీట్లకు ఎనిమిదివందల బైసాలు, తిరుగుదారి ఖాళీ. నాకిక నోట మాట లేదు. ఆ తరవాత ఎన్నో శుక్రవారాలు స్టాండులో వెతికాను. ఆయన మళ్ళీ కనబడలేదు.

2015లో ఇంటికి వస్తూ చెన్నైలో విమానం దిగి రైలెక్కాను. విశాఖపట్నం స్టేషన్లోకి వెళితే హౌరా వైపు బండి ఇంజను మార్చుకుని వెనక్కి తిరగాలి. ఆ బెడద లేకుండా కొన్ని బళ్ళు దువ్వాడలోనే ఆగి సాగిపోతాయి. అర్ధరాత్రి దాటాక అక్కడ దిగాను. నా పెట్టెలు చూసి ఆటో అబ్బాయి హిందీలో పలకరించాడు. సొంత ఊళ్ళో పరాయివాణ్ణయ్యానే అని మనసు చివుక్కుమంది. కూర్మన్నపాలానికి రెండువందల యాభై అన్నాడు.

"పగలు మనిషికి పది రూపాయలేగా!" అన్నాను తెలుగులో.

"ఓలమ్మ, మనోరేనా! పగలైతే నలుగురెక్కుతారు బాబూ. ఇప్పుడు మీరొక్కరే. ఒచ్చినప్పుడు కాళీగానే రావాల గదా!"

మరి మాట్లాడకుండా ఎక్కాను.

తలుపు తీస్తూనే మా ఆవిడ, "ఆటోకి ఎంతిచ్చారు?" అంది. చెప్పాను.

"రెండేళ్ళు దేశం కాని దేశంలో ఉండి వచ్చినా మీకు బేరమాడడం రాలేదు!"

నేను నవ్వి ఊరుకున్నాను. పర్సు లోపలి అరలో ఆ అరరియాలు నోటు అలాగే ఉంది.