నిండు నెలల్లో ఒంటరిగా ఒక వేసవి రోజు

వేసవి వచ్చిందంటే నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "నెలలు నిండుతున్న అమ్మాయిని ఈ ఎండల్లో ఒంటరిగా బయటకు పంపవచ్చునా?" అని. చాలా సందర్భాలలో ఈ ప్రశ్న అడిగేది గర్భిణీ స్త్రీ కాదు. ఆమె తల్లి గాని, అత్తగారు గాని, భర్త గాని అడుగుతారు. ఆమె పక్కన కూర్చుని మౌనంగా వింటూ ఉంటుంది. ముప్ఫై సంవత్సరాలకు పైగా ప్రభుత్వాసుపత్రులలో పనిచేసిన కాలంలోను, ఉద్యోగ విరమణ తరువాత కూడా నేను చెప్పే సమాధానం ఒక్కటే. ఇతర చిక్కులేవీ లేని గర్భిణి బయటకు వెళ్ళవచ్చును. ఒంటరిగానూ వెళ్ళవచ్చును. భయపడవలసినది వేడికే. ఆ వేడిని గడియారం చూసుకుని, నీరు త్రాగి, నీడపట్టున ఉండి చాలావరకు తప్పించుకోవచ్చును. అది ఎలాగో ఈ వ్యాసంలో వివరిస్తాను.

గర్భిణికి వేడి ఎందుకు ఎక్కువగా తెలుస్తుంది?

గర్భధారణ తరువాత స్త్రీ శరీరంలో రక్తపు పరిమాణం క్రమంగా 40 నుంచి 50 శాతం వరకు పెరుగుతుంది. గుండెకు పని పెరుగుతుంది. జీవక్రియల వేగం హెచ్చి ఒంట్లో పుట్టే వేడి కూడా పెరుగుతుంది. దీనికి తోడు కడుపులోని శిశువు కూడా వేడిని పుట్టిస్తూ ఉంటుంది. శిశువు శరీర ఉష్ణోగ్రత తల్లి ఉష్ణోగ్రత కంటే సుమారు అర డిగ్రీ సెల్సియస్ ఎక్కువ. ఆ వేడి మాయ ద్వారా తల్లి రక్తంలోకి చేరి, ఎక్కువ భాగం తల్లి చర్మం నుంచి బయటకు పోవాలి. రెండు ప్రాణుల వేడిని ఒకే శరీరం వెళ్ళగొట్టుకోవాలన్న మాట.

చెమట ఆరినప్పుడు ఒళ్ళు చల్లబడుతుంది. కోస్తా జిల్లాలలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట పడుతుందే గాని త్వరగా ఆరదు. అందుచేత ఉష్ణమాపకం 38 డిగ్రీలు చూపినా ఉక్కపోత వలన ఒంటికి అంతకు మించిన వేడి తెలుస్తుంది. భారత వాతావరణ విభాగం వారు వడగాలుల హెచ్చరికకు మైదాన ప్రాంతాలలో 40 డిగ్రీలను, తీర ప్రాంతాలలో 37 డిగ్రీలను కనీస హద్దుగా తీసుకోవడానికి ఈ తేమ ఒక ముఖ్య కారణం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న పెద్దల మాట అందరికీ తెలిసినదే.

చెమట ద్వారా నీరు, లవణాలు పోయి శరీరం ఎండినప్పుడు గర్భాశయపు కండరాలు మాటిమాటికి బిగుసుకుంటాయి. చర్మంలోని రక్తనాళాలు వ్యాకోచించి రక్తపోటు తగ్గుతుంది. అప్పుడు కదలకుండా వరుసలో నిలబడిన గర్భిణికి కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉన్నది. తీవ్రమైన వేడికి, నెలలు నిండని కాన్పులకు సంబంధం ఉన్నదని వివిధ దేశాలలో జరిగిన పరిశోధనలు తెలియజేస్తున్నాయి. కాబట్టి తల్లుల భయం అర్థం లేనిది కాదు.

ఇంట్లో ఉంటే చల్లగా ఉన్నట్లేనా?

ఇక్కడే మనవారు ఒక సంగతి మరచిపోతారు. బయట ఎండ, ఇంట్లో నీడ కాబట్టి ఇంట్లో ఉండడమే క్షేమం అనుకుంటారు. రేకుల కప్పు క్రింద, గాలి ఆడని గదిలో, మధ్యాహ్నం పన్నెండు గంటలకు పొయ్యి ముందు నిలబడి కూర తాలింపు వేసే గర్భిణికి ఆ ఇల్లు వీధి చెట్టు నీడ కంటే వేడిగా ఉండవచ్చును. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే పంకా గాలి కూడా ఒంటిని చల్లబరచదు. వేడి గాలినే ఒంటిపైకి విసురుతుంది. "మా అమ్మాయిని గడప దాటనివ్వలేదండీ" అని చెబుతూనే వడదెబ్బ లక్షణాలతో కూతుళ్ళను ఆసుపత్రికి తెచ్చిన తల్లులను నేను చూశాను.

మరొక సంగతి మనసుకు సంబంధించినది. మన ఆచారం ప్రకారం తొలి కాన్పుకు అమ్మాయిని పుట్టింటికి తీసుకువస్తారు. అంతవరకు ఉద్యోగం చేసుకుంటూ తన పనులు తాను చక్కబెట్టుకున్న యువతి, హఠాత్తుగా పదిమంది కనిపెట్టి చూసే మనిషి అవుతుంది. తిన్నావా, పడుకున్నావా, ఎందుకు లేచావు అని రోజంతా అడుగుతూ ఉంటారు. అందులో ప్రేమ ఉన్నది, కాదనను. కాని నెలల తరబడి అలా గడిపిన వారికి నిద్ర పట్టకపోవడం, చికాకు, కారణం తెలియని ఏడుపు రావడం నేను తరచు గమనించాను. కాన్పు తరువాత కొన్ని నెలల పాటు ఆ తల్లికి తనదంటూ ఒక గంట దొరకదు. అంతకు ముందు ఒక రోజు తన ఇష్టం వచ్చినట్లు గడపాలనుకోవడం విలాసం అని నేను అనుకోను.

ఒక యువతి గడిపిన రోజు

కొన్నేళ్ళ క్రితం మే నెలలో రాజమహేంద్రవరంలో ఒక యువతి తన తల్లితో నా దగ్గరకు వచ్చింది. హైదరాబాదులో ఉద్యోగం, తొలి కాన్పు, ముప్ఫై మూడవ వారం. "అమ్మాయి ఒక్కర్తీ ఊరు తిరిగొస్తానంటోందండీ, మీరైనా చెప్పండి" అన్నారు తల్లి. "చిన్నప్పటి ఊరండీ. ఒక్కరోజు ఎవరూ ఏమీ అడగకుండా తిరగాలనుంది, అంతే" అన్నది ఆ అమ్మాయి.

నేను ముందు ఆమెను పరీక్షించాను. రక్తపోటు మామూలుగా ఉన్నది. రక్తహీనత చెప్పుకోదగినంత లేదు. మాయ ఉండవలసిన చోటనే ఉన్నట్లు స్కానింగులో తెలుస్తున్నది. రక్తస్రావం ఎప్పుడూ జరగలేదు. "వెళ్ళిరా అమ్మా. పదకొండు నుంచి నాలుగున్నర వరకు మాత్రం ఎండలోకి రాకు. నీళ్ళ సీసా, తల్లీబిడ్డల కార్డు, ఛార్జి ఉన్న ఫోను సంచిలో ఉండాలి. రోజుకు మూడుసార్లు అమ్మకు ఫోను చెయ్యి. ఆవిడ మాత్రం నీకు చెయ్యరు" అన్నాను. చివరి మాటకు తల్లి ఒప్పుకోవడానికి కొంచెం సమయం పట్టింది.

తరువాతి వారం వచ్చినప్పుడు ఆ అమ్మాయి తన రోజు ఎలా గడిచిందో చెప్పింది. ఉదయం ఆరు గంటలకు ఆటోలో పుష్కర ఘాట్‌కు చేరింది. నాచు పట్టిన క్రింది మెట్లు దిగకుండా, పై మెట్ల మీద కూర్చుని గంటసేపు గోదావరిని చూసింది. నెలలు నిండే కొద్దీ కీళ్ళ బంధనాలు సడలుతాయి, పొట్ట ముందుకు రావడంతో తూకం మారుతుంది, కాలు జారే అవకాశం ఎక్కువ. ఆ సంగతి నేను చెప్పకముందే ఆమెకు తెలుసు. తరువాత ఒక చిన్న హోటల్లో ఇడ్లీ తిన్నది. "ముప్పావు గంట తిన్నానండీ, చల్లారిపోతోంది అనేవాళ్ళు ఎవరూ లేరు" అని చెబుతూ నవ్వింది. గౌతమీ గ్రంథాలయంలో పంకా క్రింద పాత వారపత్రికలు తిరగేసింది. పదకొండు కాకముందే ఏసీ ఉన్న మల్టీప్లెక్స్‌కు చేరి, చివరి సీటు అడిగి తీసుకుని సినిమా చూసింది.

సినిమా మధ్యలో పొట్ట గట్టిపడింది. భయపడి ఇంటికి పరుగెత్తకుండా బయటకు వచ్చి మూత్ర విసర్జన చేసి, రెండు గ్లాసుల నీరు త్రాగి, ఎడమ ప్రక్కకు ఒరిగి కూర్చున్నది. ఇరవై నిమిషాలలో తగ్గిపోయింది. తిరిగి లోపలకు వెళ్ళి మిగిలిన కథ చూసింది. విశ్రాంతితో, నీటితో తగ్గిపోయే ఇటువంటి బిగువులు నొప్పులు కావు. భోజనం అక్కడే చేసి, ఎండ తగ్గే వరకు ఆ చల్లదనంలోనే ఉండి, అయిదున్నరకు తాటి ముంజలు, మల్లెపూలు కొనుక్కుని ఇల్లు చేరింది.

అందులో గొప్ప సాహసం ఏమీ లేదు. కాని ఆ రోజు ఏ గంటకు ఎక్కడ ఉండాలో ముందే నిర్ణయించుకోవడం వలననే అంత హాయిగా గడిచింది.

నీళ్ళు, మరుగుదొడ్డి

గర్భిణులు బయటకు వెళ్ళినప్పుడు నీరు త్రాగకపోవడానికి కారణం దాహం లేకపోవడం కాదు. మరుగుదొడ్డి దొరకదన్న భయం. ఈ మాట వారు డాక్టరుకు కూడా సిగ్గుపడుతూ చెబుతారు. నెలలు నిండుతున్నప్పుడు గర్భాశయం మూత్రాశయాన్ని నొక్కుతుంది. హార్మోనుల ప్రభావం వలన మూత్రనాళాలు సడలి మూత్రం నిలువ ఉండే అవకాశం పెరుగుతుంది. నీరు త్రాగక, వచ్చిన మూత్రాన్ని బిగపట్టుకుంటే సూక్ష్మజీవులు పెరిగి మూత్రాంగాలకు ఇన్‌ఫెక్షన్ సోకవచ్చును. అది మూత్రపిండాలకు ప్రాకితే చలిజ్వరంతో పాటు నెలలు నిండకుండానే నొప్పులు మొదలుకావచ్చును.

అందువలన మీరు ఎక్కడికి వెళ్ళాలో నిర్ణయించుకునేటప్పుడు శుభ్రమైన మరుగుదొడ్డి ఎక్కడెక్కడ ఉన్నదో ముందుగా చూసుకోండి. రెండు మూడు గంటలకొకసారి తప్పక వెళ్ళండి. దాహం వేసే దాకా ఆగకుండా కొద్దికొద్దిగా నీరు త్రాగుతూ ఉండండి. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీరు సరిపోతున్నట్లు. ముదురు పసుపు రంగుకు మారితే వెంటనే నీడకు చేరి నీరు త్రాగవలసిన సమయం వచ్చినట్లు.

ఏమి త్రాగాలి, ఏమి వద్దు?

ఇంటి నుంచి తెచ్చుకున్న కాచి చల్లార్చిన నీరు, పలుచని మజ్జిగ, మీ కళ్ళముందు కొట్టించుకున్న కొబ్బరి బొండం మంచివి. చెమట బాగా పట్టిన రోజున ఓఆర్‌ఎస్ పొట్లాన్ని లీటరు నీటిలో కలుపుకుని త్రాగవచ్చును. రక్తపోటు ఉన్నవారు ఉప్పు కలిసిన పానీయాల గురించి, మధుమేహం ఉన్నవారు తీపి పానీయాల గురించి ముందుగా తమ వైద్యులను అడగాలి.

రోడ్డు ప్రక్కన ఐసు వేసి ఇచ్చే చెరకురసం, షర్బత్తులు మాత్రం వద్దు. కలుషితమైన నీటి ద్వారా హెపటైటిస్ ఇ అనే కాలేయ వ్యాధి వ్యాపిస్తుంది. ఇతరులలో ఈ కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. కాని చివరి మూడు నెలలలో ఉన్న గర్భిణులకు సోకితే నూటికి 20 నుంచి 25 మంది వరకు మరణించవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలియజేస్తున్నది. బయట తిరగడం కంటే ఆ ఐసు ముక్కకే నేను ఎక్కువ భయపడతాను. ముంజలను కూడా ఇంటికి తెచ్చుకుని కడిగి, ఒలుచుకుని తినండి.

దుస్తులు, ప్రయాణం

వదులైన నూలు దుస్తులు, మడమ ఎత్తు లేని చెప్పులు, గొడుగు చాలును. చీర కట్టుకునేవారు లంగా బొందు పొట్టమీద బిగించవద్దు. ద్విచక్ర వాహనం నడపవద్దు. కారులో సీటు బెల్టు తప్పక పెట్టుకోండి, క్రింది పట్టీ పొట్ట క్రిందుగా, తుంటి ఎముకల మీదుగా రావాలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ వారి పలు రకాల బస్సులలో స్త్రీలకు ప్రయాణం ఉచితం. రద్దీ లేని వేళ చూసుకుని ఎక్కండి, చక్రాల మీది సీటు వదలండి. ఎక్కువసేపు ఒకేచోట కూర్చోకుండా గంటకొకసారి లేచి నాలుగడుగులు నడవండి. దైవదర్శనానికి వెళితే పెద్ద వరుసలలో నిలబడవద్దు.

ఎవరు వెళ్ళకూడదు?

రక్తపోటు పెరిగినవారు, ఈ గర్భంలో రక్తస్రావం జరిగినవారు, మాయ క్రిందుగా ఉన్నవారు, గర్భాశయ ముఖానికి కుట్టు వేయించుకున్నవారు, తీవ్రమైన రక్తహీనత, గుండె జబ్బులు ఉన్నవారు, కవలలను మోస్తున్నవారు, గతంలో నెలలు నిండకుండా ప్రసవించినవారు తమ వైద్యులు అనుమతించనిదే ఇటువంటి రోజు పెట్టుకోకూడదు. 37 వారాలు దాటినవారు కాన్పుకు ఏర్పాటు చేసుకున్న ఆసుపత్రికి అరగంట దూరం మించి వెళ్ళకపోవడం మంచిది. వడగాలుల హెచ్చరిక ఉన్న రోజున ఎవరూ వెళ్ళవద్దు. మరొక రోజు వస్తుంది.

క్రమంగా దగ్గరపడే నొప్పులు, ఉమ్మనీరు కారడం, రక్తస్రావం, భరించలేని తలనొప్పి, చూపు మసకబారడం, జ్వరం, శిశువు కదలికలు ఎప్పటి కంటే తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, తికమక పడుతూ ఉంటే అది వడదెబ్బ. 108కి ఫోను చేయించి, నీడలో ఎడమ ప్రక్కకు పడుకోబెట్టి, దుస్తులు వదులు చేసి, ఒంటిమీద నీళ్ళు చల్లుతూ విసరాలి. స్పృహ సరిగా లేనివారి నోట నీళ్ళు పోయకూడదు. జ్వరం మాత్రలు వడదెబ్బకు పనిచేయవు.

పెద్దలకు ఒక మాట. అమ్మాయి బయటకు వెళతానన్నప్పుడు "వద్దు" అనే ముందు "ఎన్ని గంటలకు, ఎక్కడికి?" అని అడగండి. నీళ్ళ సీసా నింపి ఇవ్వండి. ఆమె ఫోను వచ్చేదాకా ఓపిక పట్టండి.

ఇక గర్భిణులకు. మీ వైద్యులు సరేనన్న తరువాత మీ మనసుకు నచ్చిన చోటు ఎంచుకోండి. ఎండ ముదరకముందే బయలుదేరండి. నడక నెమ్మదిగా ఉండనివ్వండి. అలసట అనిపించిన క్షణమే కూర్చోండి, అనుకున్న పనులలో సగం మిగిలిపోయినా ఇంటికి వచ్చేయండి. మిగిలిన సగం మీ బిడ్డను ఎత్తుకుని వెళ్ళినప్పుడు చూడవచ్చును.