ఇంకొక్కసారి తీద్దాం సార్

సినిమా అయిపోయి పేర్లు పైకి వెళ్తుంటే మనం బైకు తాళాలు వెతుక్కుంటూ లేచిపోతాం. ఆ పేర్లలో "లొకేషన్ సౌండ్" అని ఒకటుంటుంది. లొకేషన్ సౌండ్ మిక్సర్ అంటే పెళ్ళిళ్ళలో డీజే పక్కన బటన్లు తిప్పే అతననుకునే వాళ్ళు మా ఆఫీసులోనే బోలెడుమంది. కాదండీ. షూటింగ్ జరిగే చోట, నటులు మాట్లాడుతున్నప్పుడే ఆ మాటల్ని రికార్డు చేసేవాడు. ఈ పద్ధతినే సింక్ సౌండ్ అంటారు.

మన దేశంలో టాకీలు మొదలైందే ఇలాగ. 1931లో ఆలం ఆరా తీసిన స్టూడియో పక్కనే రైలు పట్టాలు ఉండటంతో, రైళ్ళు ఆగే అర్ధరాత్రి వేళ షూటింగ్ చేసేవారు. 1932 నాటి మన భక్త ప్రహ్లాదకీ అంతే, నటులు అక్కడికక్కడే మాట్లాడాలి, అక్కడికక్కడే పాడాలి. తర్వాత అవుట్‌డోర్ షూటింగులు పెరిగాయి, తేలిగ్గా ఉన్నా బాగా చప్పుడు చేసే కెమెరాలొచ్చాయి. 1960ల నుంచి మెల్లగా డబ్బింగే అలవాటైపోయింది. 2001లో లగాన్ వచ్చాక హిందీవాళ్ళు మళ్ళీ సింక్ సౌండ్ వైపు చూశారు. 2009లో స్లమ్‌డాగ్ మిలియనీర్‌కి రసూల్ పూకుట్టి ఆస్కార్ పంచుకున్నాక ఈ పనికి కాస్త పేరొచ్చింది. తెలుగులో పెళ్ళిచూపులు (2016) లాంటివి ఆ దారిలో వచ్చాయి.

డబ్బింగ్ తప్పని నేననను. అరుంధతి (2009)లో సోనూ సూద్‌కి రవిశంకర్ గొంతు లేకపోతే ఆ పశుపతే లేడు. నేను చెప్పబోయేది వేరే సంగతి.

మా ఇంజినీరింగ్ హాస్టల్ రూమ్మేట్ ఒకడు హైదరాబాద్‌లో ఈ పని చేస్తున్నాడు. ఉద్యోగం కాదు, ఫ్రీలాన్స్. పిలిచిన రోజుకి డబ్బులు, పిలవని రోజుకి సున్నా. ఆ డబ్బులు కూడా మన జీతంలాగా నెలాఖరుకి టంచనుగా రావు.. బిల్లు పెట్టి, ఫోన్లు చేసి, మళ్ళీ ఫోన్లు చేస్తే వస్తాయి. రికార్డరూ, మైకులూ, వైర్‌లెస్ సెట్లూ అన్నీ వాడివే, వాటికి తీసుకున్న అప్పూ వాడిదే. ఆమధ్య ఒక శనివారం వాడి వెంట షూటింగ్‌కి వెళ్ళా.

ఒక ఫ్లాట్‌లో తల్లీకూతుళ్ళ గొడవ సీను. వాడు వెళ్ళగానే చేసిన పని, ఫ్రిజ్ స్విచ్ ఆపేసి బైకు తాళాలు అందులో పెట్టడం! ప్యాకప్ అయ్యాక ఫ్రిజ్ మళ్ళీ ఆన్ చెయ్యడం మర్చిపోకుండా ఉండటానికట. తాళాలు లేకుండా ఇంటికి పోలేడు కదా :) ఆ తర్వాత ఏసీ, ఫ్యాన్లు. తల్లి పాత్రకి పట్టుచీర కట్టారు, మైకు లోపల దాస్తే గరగర. ఆవిడ గాజులో గోల. వీడు టేపు ముక్కలతో, గుడ్డ పీలికలతో కుస్తీ పడుతున్నాడు. బయట సందులో పాత ఇనుప సామాన్లు కొంటామంటూ రికార్డెడ్ క్యాసెట్. ఇవన్నీ ఒక ఎత్తు, రెండు కెమెరాలు ఒకేసారి తిప్పడం ఒక ఎత్తు. ఒకటి దూరం నుంచి గది మొత్తం తీస్తుంది, ఇంకోటి మొహం దగ్గర్నుంచి. దగ్గరి కెమెరాకి సరిపడేలా బూమ్ కిందకి దించితే దూరం కెమెరాలో కనబడిపోతుంది.

నాలుగో టేక్ అద్భుతంగా వచ్చింది. కూతురి వేషం వేసిన అమ్మాయి నిజంగానే ఏడ్చేసింది. డైరెక్టర్ మొహం వెలిగిపోయింది. అందరూ తర్వాతి షాట్‌కి కదలబోతుంటే మావాడు హెడ్‌ఫోన్ తీసి లేచాడు.

"సార్, ఆఖరి రెండు మాటల మీద కింద బోరు మోటారు పడింది."

మామూలు చెవికి అదేం వినపడలేదు. నాకైతే అసలు వినపడలేదు. ప్రొడక్షన్ మేనేజర్ వాచీ చూసుకున్నాడు. "ఎడిటింగ్‌లో తీసెయ్యచ్చు కదా బాబూ, ఇప్పుడు సాఫ్ట్‌వేర్లున్నాయిగా" అన్నాడు. మావాడు గొంతు పెంచలేదు. "తీస్తే ఆ అమ్మాయి గొంతులో వణుకు కూడా కొంత పోతుంది సార్. ఇంకొక్కసారి తీద్దాం. కుదరదంటే మోటారు ఆపించి, కెమెరా లేకుండా ఆ రెండు మాటలూ ఇప్పుడే చెప్పించుకుంటా, రెండు నిమిషాలు చాలు" అన్నాడు. డైరెక్టర్ రెండు నిమిషాలిచ్చాడు. పనయ్యాక వీడు సౌండ్ రిపోర్టులో రాసుకున్నాడు: టేక్ 4 నటన బాగుంది, చివర మోటారు, విడిగా తీసిన ఆడియో ఉంది.

ఈ రోజుల్లో 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లున్నాయి, ఎంత గట్టిగా అరిచినా రికార్డర్‌లో సౌండు పగలదు. కానీ మోటారు మోతని కూడా అంతే శ్రద్ధగా రికార్డు చేస్తాయి. అక్కడ ఏది చెడిపోయిందో గుర్తుపట్టి, గుర్తుపట్టింది నోరు తెరిచి చెప్పడం ఇప్పటికీ మనిషి పనే.

తిరిగొస్తూ అడిగా, భయం వెయ్యదారా అని. వచ్చే నెల వీణ్ణి పిలవాలో వద్దో తేల్చేది ఆ వాచీ చూసుకున్న మనిషే మరి.

"వేస్తుంది మామా. ఒక సీరీస్ వాళ్ళు రెండో సీజన్‌కి పిలవలేదు. ఎందుకని ఎవడూ చెప్పడు, ఫోన్ రాదంతే. కానీ ఆర్నెల్ల తర్వాత ఎవడో నా ట్రాక్ తెరిచి వింటాడు. అందులో మోటారు ఉంటుంది గానీ, మేనేజర్ వాచీ చూసుకున్న సంగతి ఉండదు కదా."

ఇంకో చిత్రం చూడండి. 2022లో ప్రకటించిన జాతీయ అవార్డుల్లో, సింక్ సౌండ్ సినిమాలకే ఇవ్వాల్సిన లొకేషన్ సౌండ్ అవార్డు డొళ్ళు అనే కన్నడ సినిమాకిచ్చారు. అది సింక్ సౌండ్ కాదు, డబ్బింగ్ చేసిన సినిమా అని దాని సౌండ్ డిజైనరే బయటపెట్టాడు. 2024లో శబ్దానికి ఉన్న మూడు అవార్డుల్నీ కలిపి సౌండ్ డిజైన్ అని ఒక్కటే చేశారు. జ్యూరీకే తేడా తెలియలేదంటే మనమెంత! ఈ పని బాగా చేస్తే చేసినట్టే తెలియదు. చెడగొడితే మాత్రం అందరికీ తెలుస్తుంది. మన టెస్టింగ్ వాళ్ళనీ, రాత్రిళ్ళు సర్వర్లు కాసేవాళ్ళనీ అడగండి, ఈ మాటే చెబుతారు.

"ఎడిటింగ్‌లో చూసుకుందాం" అన్న మాట వినగానే నాకు మన "నెక్స్ట్ రిలీజ్‌లో చూసుకుందాం" గుర్తొచ్చింది. రెంటిలోనూ ఆ చూసుకునేవాడు ఆ గదిలో ఉండడు. మావాడి పద్ధతిలో నాకు నచ్చింది ధైర్యం ఒక్కటే కాదు. ఒక్కసారే చెప్పాడు. ఎక్కడ, ఏమిటి అని సరిగ్గా చెప్పాడు. ఖర్చు తక్కువయ్యే ఇంకో దారి కూడా చూపించాడు. నిర్ణయం డైరెక్టర్‌కి వదిలేసి, జరిగింది కాగితం మీద పెట్టాడు. ఇందులో పోట్లాట ఎక్కడా లేదు.

రేపు పని ఉంటుందో లేదో తెలియనివాడు, అప్పు నెత్తిన పెట్టుకుని, యూనిట్ మొత్తం తనవైపు చూస్తుండగా "ఇంకొక్కసారి" అనగలుగుతున్నాడు. నెలజీతం, ఇన్సూరెన్సు, నోటీస్ పీరియడ్ ఉన్న మన రిలీజ్ కాల్‌లో మాత్రం, "ఎవరికైనా అభ్యంతరాలున్నాయా?" అని అడిగితే అందరి మైకులూ మ్యూట్‌లోనే ఉంటాయి.