ఎండిన ఏరు కూడా ఏరే

“నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు” అని మన తెలుగు సామెత. తరగతిలో దీనిని చెప్పినప్పుడెల్ల మీరు రెండవ సగాన్ని గురించియే ప్రశ్నలు వేస్తారు. మొదటి సగంలో అడగదగినది ఏమున్నది, నీరు పల్లానికి పారుతుందని ఎవరికి తెలియదు అని మీ అభిప్రాయం. కాని ఆ మొదటి సగాన్ని మరువకుండా ఉంటే ప్రాణాలు దక్కుతాయని నాకు ఒమాను దేశంలో చక్కగా బోధపడినది.

గత సెలవులలో మా అన్నగారి కుమారుని కుటుంబాన్ని చూడడానికి మస్కట్ నగరానికి వెళ్ళాను. మన మలేషియాలో ఏటా 2000 మిల్లీమీటర్లకు మించి వాన కురుస్తుంది. మస్కట్‌లో కురిసేది సుమారు 100 మిల్లీమీటర్లే. ఎక్కడ చూచినా చెట్టు చేమ లేని గోధుమరంగు కొండలు. ఆ కొండల నడుమ గులకరాళ్ళతో నిండిన వెడల్పైన దారులు కనబడతాయి. కొత్తవారు వాటిని బాటలనుకుంటారు. అవి బాటలు కావు, ఏరులు. వాటిని అరబ్బీలో ‘వాదీ’ అంటారు. ఏడాదిలో చాలా కాలం అవి ఎండియే ఉంటాయి. కొన్నింటిలో మాత్రం అక్కడక్కడ మడుగులు నిలుస్తాయి.

ఒకనాడు మేమందరం కురియాత్ పట్టణానికి సమీపంలో ఉన్న వాదీ దైఖా ఆనకట్టను చూడబోయాము. కాంక్రీటుతో కట్టిన ఆ ఆనకట్ట ఎత్తు సుమారు 75 మీటర్లు. దాని వెనుక జలాశయంలో సుమారు 10 కోట్ల ఘనపు మీటర్ల నీరు పడుతుంది. నిర్మాణం 2009లో పూర్తియైనది. బోడి కొండల మధ్య పచ్చని రంగులో నీరు నిలిచి ఉండగా చూడడం కన్నులపండువు. ఎదుటి గట్టుమీద ఒక ఉద్యానవనం ఉన్నది. సెలవు దినాలలో కుటుంబాలు అక్కడికి వచ్చి, చాపలు పరచుకొని, భోజనాలు చేసి, పిల్లలను ఆడించుకొని పోతారు. మేము కూడా పులిహోర మూటలు విప్పి చెట్టు నీడలో కూర్చున్నాము.

మా అన్నగారి మనుమడు ఎనిమిదేళ్ళవాడు. వరద గురించి పెద్దలు మాట్లాడుకొనడం విని నన్ను ఇట్లు అడిగాడు.

“తాతయ్యా, ఆకాశంలో ఒక్క మబ్బయినా లేదు గదా! వరద ఎక్కడినుండి వస్తుంది?”

“ఆ కొండల వెనుక ఆకాశం నీకు కనబడుతున్నదా?” అని నేను అడిగాను.

“లేదు తాతయ్యా.”

“అక్కడ వాన కురిస్తే నీకు ఎట్లా తెలుస్తుంది?”

వాడు కొంచెంసేపు ఆలోచించి, “నీళ్ళు ఇక్కడికి వచ్చాక తెలుస్తుంది” అన్నాడు. వాని తండ్రి నా వంక చూచి, “చిన్నాన్నా, ఇక్కడ ప్రమాదమంతా ఆ మాటలోనే ఉన్నది” అన్నాడు.

విద్యార్థులారా, ఆ పిల్లవాని మాటను మీరు కూడా జ్ఞాపకం ఉంచుకోండి. ఒమానులోని హజర్ పర్వతాలలో జెబెల్ షమ్స్ అనే శిఖరం ఎత్తు సుమారు 3000 మీటర్లు. ఆ కొండల మీద నీటిని పీల్చుకొనే మన్ను, దానిని నిలిపే అడవి తక్కువ. అందుచేత పడిన వాన పడినట్లే రాళ్ళమీదుగా జారి ఇరుకు లోయలలోనికి చేరుతుంది. నీరు పల్లమెరుగును గదా! ఆ పల్లమే వాదీ. పైన వాన కురిసిన తరువాత క్రింద నిర్మలమైన ఎండలో నిలిచి ఉన్నవారి మీదికి కూడా వరద వచ్చి పడవచ్చును.

ఆనకట్టలు ఈ వరదను ఆపి మేలు చేస్తాయి. మన పూర్వీకులు విడిచి వచ్చిన తెలుగు ఊళ్ళలో చెరువుకు కట్ట, తూము, అలుగు అని మూడు అంగాలు ఉండేవి. కట్ట నీటిని ఆపుతుంది. తూము కావలసినంత నీటిని వదలుతుంది. చెరువు నిండినప్పుడు మిక్కిలియైన నీరు కట్టకు హాని చేయకుండా అలుగు మీదుగా పొరలిపోతుంది. పెద్ద ఆనకట్టలకు కూడా ఈ అంగాలే ప్రాణం. మస్కట్ దగ్గర అల్ ఖౌద్ అనేచోట 1985లో కట్టిన ఆనకట్ట మరొక రకానిది. సుమారు 5 కిలోమీటర్ల పొడవున్న ఆ కట్ట వరదనీటిని కొంతకాలం ఆపి, బురద అడుగున దిగిన పిమ్మట మెల్లగా దిగువకు వదలుతుంది. ఆ నీరు భూమిలోనికి ఇంకి బావులకు చేరుతుంది. వాన కురిసిన తరువాత అక్కడ నీటిని చూడడానికి జనులు తండోపతండాలుగా వస్తారు.

అయితే ఆనకట్ట నీరు ఈతకొలను కాదు. ఈతకొలనులో లోతు ఎంతో గోడమీద వ్రాసి ఉంటుంది. జలాశయంలో ఒక అడుగు వేస్తే మోకాలు లోతు, మరొక అడుగు వేస్తే మనిషి మునిగే లోతు. అడుగున ఉన్న మెత్తని బురద కాళ్ళను పట్టుకుంటుంది. ఒడ్డు నిటారుగా ఉంటే పైకి ఎక్కడానికి పట్టు దొరకదు. తూము సమీపంలో నీరు కనబడకుండా లోపలికి లాగుతుంది. అలుగు క్రింద సుడులు తిరుగుతుంది. ఈ కారణాలచేతనే అక్కడి అధికారులు ఆనకట్టలలో ఈత కొట్టవద్దని మాటిమాటికి హెచ్చరిస్తారు.

ఆ ప్రాంతంలో పిల్లలు సంతోషించదగిన స్థలాలు ఇంకా ఉన్నవి. తీరం వెంట సూర్ పట్టణం వైపు పోతే హవియత్ నజ్మ్ అనే పెద్ద గుంట, దాని అడుగున నీలిరంగు నీరు కనబడుతుంది. ఆకాశంనుండి నక్షత్రం రాలి ఆ గుంట ఏర్పడినదని జనుల కథ. సున్నపురాయి నీటిలో కరిగి, పైకప్పు కూలి ఏర్పడినదని శాస్త్రం చెబుతుంది. మరికొంత దూరంలో వాదీ షాబ్ ఉన్నది. అక్కడ చిన్న పడవలో నీటిని దాటి, రాళ్ళ బాటలో ముప్పావుగంటసేపు నడిస్తే పచ్చని మడుగులు వస్తాయి. మేము బయలుదేరే ముందు మా అన్నగారి కుమారుడు కొండలమీది వాతావరణ సూచనను చూచిన తరువాతనే కారు తాళం చేతికి తీసుకున్నాడు.

ఇంత జాగ్రత్త ఎందుకని మీకు తోచవచ్చును. 2024 ఏప్రిల్ నెలలో ఒమానులో కుండపోతగా వానలు కురిసినవి. సమద్ అల్ షాన్ అనే ప్రాంతంలో బడిపిల్లలు ప్రయాణిస్తున్న వాహనం వాదీ వరదలో కొట్టుకొనిపోయినది. మీ వంటి పిల్లలు పలువురు ఇండ్లకు తిరిగి రాలేదు. వరద పారుతున్న వాదీలోనికి వాహనాన్ని నడపడం ఆ దేశంలో శిక్షార్హమైన నేరం. పారే నీటి బలం అటువంటిది. ఒక ఘనపు మీటరు నీరు ఒక టన్ను బరువు. ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు లోతుగల కాలువ క్షణానికి రెండు మీటర్ల వేగంతో పారితే, క్షణానికి రెండు టన్నుల నీరు మిమ్ములను తోసుకొంటూ పోతుంది. పదిహేను సెంటీమీటర్ల లోతుగల వేగపు నీరు పెద్దవానిని పడద్రోయగలదు. ముప్పది సెంటీమీటర్ల నీరు చిన్న కారును తేల్చగలదు.

ఇది ఎడారి దేశపు ముచ్చట మాత్రమే కాదు. మన దేశంలో ‘కెపాలా ఆయిర్’ అని మీరు వినే ఉన్నారు. 2021 ఆగస్టు 18న కెడాలోని గునుంగ్ జెరాయి కొండమీద కురిసిన భారీ వానకు యాన్ ప్రాంతంలో అట్టి నీరే బండరాళ్ళను, చెట్ల మొద్దులను మోసుకొని వచ్చి ప్రాణాలు తీసినది. రబ్బరు తోటలలో పెరిగిన మా తరంవారికి ఏటి ఒడ్డున పెద్దలు చెప్పిన గుర్తులు ఇవి. తేటగా ఉన్న నీరు ఉన్నట్లుండి మట్టిరంగుకు తిరిగినా, ఆకులు పుల్లలు ఎక్కువగా కొట్టుకొని వచ్చినా, నీటిమట్టం కొంచెమైనా పెరిగినా, ఎగువనుండి హోరు వినబడినా వెంటనే గట్టెక్కవలెను. చెప్పులకోసం, సంచికోసం వెనుకకు పోరాదు. ఏటి వెంట దిగువకు పరుగెత్తరాదు. ప్రక్కనున్న ఎత్తైన చోటికి ఎక్కవలెను. ఎవరైనా నీటిలో పడితే వెంట దూకక, కర్రనో త్రాడునో తేలే వస్తువునో అందించి, పెద్దలను పిలువవలెను. సహాయానికి పిలువవలసిన సంఖ్య ఒమానులో 9999, మన దేశంలో 999.

వాదీ దైఖా ఆనకట్టకు దిగువన అల్ మజారా అనే పల్లె ఉన్నది. అక్కడ ఖర్జూరపు తోటలు, మామిడి తోటలు ఏటికి దగ్గరగా ఉన్నవి. కాలువల ద్వారా ఆ తోటలకు నీరు పారుతుంది. అట్టి కాలువలను ‘ఫలజ్’ అంటారు. ఒమానులోని అయిదు ఫలజ్ కాలువలను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది. నీటికి భయపడి దూరంగా పారిపోయినవారు అట్టి కాలువలను త్రవ్వలేరు. నీటిని నిర్లక్ష్యం చేసినవారు వాటిని నిలుపుకోలేరు. నీటి స్వభావం తెలిసినవారే నీటితో సుఖంగా బ్రతుకుతారు.

వచ్చే వారం తరగతికి ఒక పని చేసుకొని రండి. మీ ఇంటికి దగ్గరలో ఉన్న ఏరో, కాలువో ఏ కొండనుండి, ఏ తోటనుండి వస్తున్నదో అమ్మను, నాన్నను, తాతను అడగండి. ఎగువ ఏమున్నది, వాన పడితే నీరు ఎంతసేపటికి మీ దగ్గరకు వస్తుంది, ఎక్కడికి ఎక్కితే క్షేమం అనే మూడు సంగతులను తెలుగులో అయిదు వాక్యాలలో వ్రాయండి. ఆ కాగితాన్ని నాకు చూపిన తరువాత మీ ఇంట తలుపు వెనుక అంటించండి.