లారీయా, ట్రైలరా? — మా కావేరి ప్రయాణము

బడిపంతులుగారి యిల్లాలు గుఱ్ఱములను బండ్లలో నెక్కించుటను గూర్చి వ్రాయబూనుట సోదరీమణులలో కొందఱికి వింతగా తోపవచ్చును. వ్రతములు, పిల్లల పెంపకము, ఊరగాయల పాళ్ళు ఇన్ని యుండగా ఈమెకు అశ్వశాస్త్రముతో నేమి పనియని నవ్వుకొనువారును ఉందురు. కాని యిల్లాలి చేతిలో నాలుగు కాసులు నిలువయున్నప్పుడు ఆ కాసులు పోవు దారి తెలిసికొనుటకై ఆమె యే శాస్త్రమునైనను చదువక తప్పదు. గడచిన మాఘమాసమున మాకట్టి యవసరము కలిగెను. ఆ వృత్తాంతమే యిక్కడ విన్నవించుచున్నాము.

మా పుట్టినిల్లు ఏలూరునకు సమీపమున నొక పల్లె. మా తండ్రిగారు మాకు అమరము, రఘువంశము, భారతము ఇంటనే చెప్పిరి. విరాటుని కొలువున నకులుడు దామగ్రంథి యను పేర గుఱ్ఱములను సాకిన కథ వచ్చినప్పుడెల్ల వారి కన్నులు మెఱసెడివి. ఆయన తమ చివరి దినములలో మార్వాడీ జాతి గోడిగపిల్ల నొకదానిని కొని, దానికి కావేరి యని పేరిడిరి. ఆ జాతి గుఱ్ఱముల చెవికొనలు లోనికి తిరిగి యొకదానినొకటి తాకునట్లుండును. నాన్నగారు పాకలో అడుగిడగానే ఆ రెండు చెవులును ఆయన వైపు తిరిగెడివి. వారు పోయిన దినమున ఇంటినిండ బంధువులున్నను, ఆ పిల్ల మేత ముట్టక వాకిలి వైపు చూచుచు నిలిచియుండుటను మా అమ్మ యొక్కతెయే కనిపెట్టెను. నేటికి కావేరికి పండ్రెండేండ్లు.

మా తమ్మునికి నాన్నగారి గుఱ్ఱపు పిచ్చి వారసత్వముగా వచ్చినది. వాడు హైదరాబాదు పొలిమేరలో కొంత నేల కౌలునకు దీసికొని, పిల్లలకు గుఱ్ఱపుస్వారి నేర్పుటకు పూనుకొనెను. కావేరిని, దానితో పెరిగిన రాముడను మఱియొక గుఱ్ఱమును, అమ్మను కూడ అక్కడికి తీసికొనిపోవలెనని వాని సంకల్పము. అదివఱలో నొకప్పుడు కావేరిని అద్దె లారీలో నొక పెండ్లి యూరేగింపునకు పంపిరి. ఆ లారీలో ధాన్యపు బస్తాలును వేసిరి. దారిలో డ్రైవరు హఠాత్తుగా బ్రేకు నొక్కగా, నున్నని యినుపరేకుపై కావేరి కాళ్ళు జాఱి మోకాళ్ళపై కూలెను. చర్మము చీలి, మానుటకు రెండు నెలలు పట్టినది. అది మొదలు లారీ చప్పుడు వినిన చాలు, దానికి చెమట పోయును.

ఒకనాటి రాత్రి తమ్ముడు ఫోను చేసి, “అక్కయ్యా, ఇక అద్దె లారీలను నేను నమ్మను. రెండు గుఱ్ఱములు పట్టు ట్రైలరు నొకటి కొని నా కారునకు తగిలించుకొనెదను. నీయొద్ద నున్న పైకము బదులిమ్ము. మూడేండ్లలో తీర్చెదను” అనెను.

ఆ పైకము మా పెద్దమ్మాయి పైచదువునకై ఏడేండ్లుగా కూడబెట్టినది. మావారు ఆ మాట యెత్తలేదు. “నీ తమ్ముడు, నీ పైకము, నీవే ఆలోచింపుము” అని మాత్రమనిరి. నిజము చెప్పవలెనన్న, ఆ రాత్రి మా మనస్సున మెదలినది లారీయు కాదు, ట్రైలరును కాదు. ఆ గోడిగను ఊరిలోనే ఎవరికైన నమ్మివేసినచో ఈ చిక్కే యుండదుగదా యని అనుకొంటిమి. ఆ మాట పైకి రాలేదు. కాని వచ్చినంత పనియైనదని ఒప్పుకొనుటకు సిగ్గుపడుచున్నాము.

మఱునాడు మేము తెలిసికొనుటకు మొదలిడితిమి. మావారు 1978 నాటి జంతువుల రవాణా నియమములను తెచ్చి చదివి వినిపించిరి. అందు గుఱ్ఱముల కొఱకు ప్రత్యేకముగ నొక యధ్యాయమే కలదు. నేల జాఱకుండునట్లు పఱుపవలెను. ప్రక్కగోడలు తక్కువయైనచో ఎత్తు పెంపవలెను. ఒక్కొక్క గుఱ్ఱమునకు నడుమ 8 సెంటీమీటర్లకు తక్కువకాని వెదురు గడలు అడ్డముగ కట్టవలెను. ఎదురుగా వచ్చు బండ్లను చూచి బెదరకుండుటకై తలలు ఎడమప్రక్కకు త్రిప్పి నిలుపవలెను. ఒక బండిలో నాలుగు మొదలు ఆఱు గుఱ్ఱములకు మించరాదు. వేగము గంటకు 35 కిలోమీటర్లు దాటరాదు. ఇది వినిన పిమ్మట, ఆ పెండ్లి ప్రయాణమున తప్పు లారీది కాదనియు, లారీని నడిపించిన మనుష్యులదనియు మాకు తేటపడెను.

పశువుల డాక్టరుగారొకరు మఱికొన్ని సంగతులు చెప్పిరి. గుఱ్ఱము తన బరువులో ఎక్కువపాలు ముందుకాళ్ళపై మోయును. కావున బ్రేకు పడినప్పుడెల్ల దానికి కష్టమే. తల యెత్తికట్టి గంటలకొలది ప్రయాణము చేయించినచో, శ్వాసనాళములందలి శ్లేష్మము క్రిందికి జాఱక ఊపిరితిత్తులకు జబ్బు చేయును. కావున నడుమ నడుమ నిలిపి, తల వంచుకొనుటకు వీలు కలిగింపవలెను. గుఱ్ఱమునకు వాంతి యగుట యనునది లేదు. నీరు చాలక కడుపునొప్పి వచ్చినచో ప్రాణమునకే ముప్పు. నాలుగైదు గంటలకొకసారి నీరు చూపవలెను. ఎక్కించిన పిమ్మట వెనుక అడ్డగడ బిగించి, ఆ తరువాతనే తల కట్టవలెను. దింపునప్పుడు ముందు తల విప్పి, ఆ తరువాతనే వెనుక గడ తీయవలెను. ఈ క్రమము తప్పినచో తల బిగిసియుండగా గుఱ్ఱము వెనుకకు లాగి ప్రమాదము తెచ్చుకొనును.

ఇక ట్రైలరు గుణములను కూడ న్యాయముగా చెప్పవలెను. దాని నేల భూమికి దగ్గఱ. ఎక్కుటకు ఏటవాలు పలక దానితోనే యుండును. ఇంజను లేదు గనుక చెడునది తక్కువ. పని తీరిన పిమ్మట విప్పి నిలిపి, కారును వేఱు పనులకు వాడుకొనవచ్చును. గుఱ్ఱమునకు జబ్బు చేసిన రాత్రి ఎవరినో బతిమాలక ఆసుపత్రికి తీసికొనిపోవచ్చును. తమ్ముని మనస్సున నున్నది ఈ కడపటి గుణమే. అది చిన్నది కాదు.

అయితే రెండు గుఱ్ఱముల ట్రైలరు వట్టిదే సుమారు వేయి కిలోగ్రాములు తూగును. కావేరియు రాముడును ఒక్కొక్కటి సుమారు 400 కిలోలు. అన్నియు కలిసి 1800. ఇది కదలని బస్తాల బరువు కాదు. కాళ్ళు మార్చుకొనుచు, ప్రక్కకు ఒఱగుచు నుండు సజీవమైన బరువు. లాగెడు బండి తేలికదైనచో వెనుకనున్నది ఊగి ముందున్నదానిని దారి తప్పించును. దానిని వెనుకకు నడుపుటకు వేఱే నేర్పు కావలెను. దానికి రిజిస్ట్రేషనును వేఱుగా చేయింపవలెను.

లారీయన్ననో, బరువైనది, నిలుకడగలది. మేతకును నీటికిని చోటుండును. గాలి యాడును. కాని దాని నేల యెత్తు, కుదుపు హెచ్చు. ఎక్కించుటకు గట్టునో తిన్నెనో వెదకవలెను. గుఱ్ఱములకు తగినట్లు దానిని మనమే సిద్ధము చేసికొనవలెను.

మావారు పలక తీసికొని లెక్క వేసిరి. ఏడాదికి రెండు మూడు ప్రయాణములకు మించి లేవు. ట్రైలరునకగు సొమ్ముతో పదునైదేండ్లు లారీ అద్దె లిచ్చుకొనవచ్చును. అయినను డబ్బు మాట చెప్పి వాని నోరు మూయించుట మాకు నచ్చలేదు. తమ్మునికి ఫోను చేసి, “నాయనా, నీ కారు ఎంత బరువు లాగగలదని దాని పుస్తకములో వ్రాసియున్నది?” అని మాత్రమడిగితిమి.

వాడు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, “చాలదక్కయ్యా” అనెను. మఱల నంతలోనే, “అయినను లారీయైనచో కావేరి యెక్కదు. దాని మోకాళ్ళ మచ్చలు నీవు చూడలేదా?” యని కంఠము బొంగురుపోవ పలికెను. ప్రక్కనున్న అమ్మ ఫోను తీసికొని, “దానికి భయము లారీని చూచి కాదురా, పడిపోదునని” యనెను. మేమింతకాలము శాస్త్రములు తిరుగవేసి కనుగొనలేనిది అమ్మ యొక్క మాటలో చెప్పెను.

అంతట మేమొక నిర్ణయమునకు వచ్చితిమి. లారీయే కుదుర్చుకొనవలెను. కాని గుఱ్ఱములకు తగినట్లు సిద్ధము చేయు ఖర్చు మాది. పైకములో ఇరువదవ పాలు తీసి, గట్టి పలకలతో పొడవైన ఏటవాలు వంతెన చేయించి, దానిపై కొబ్బరిపీచు పట్టాలు కొట్టించితిమి. ప్రక్కలకు పఱుపులు, నడుమ వెదురు గడలు సిద్ధమైనవి. సెలవులు చూచుకొని మేమును పల్లెకు పోతిమి. ఆ వంతెనను మొదట పాక ముందర నేలపై పఱచి, కావేరికి దాణా దానిమీదనే పెట్టుచు వచ్చితిమి. మూడవనాటికి అది నాలుగు కాళ్ళును మోపినది. ఆఱవనాడు ఒక కొసను ఇటుకలపై ఎత్తితిమి. తొమ్మిదవనాడు లారీ వచ్చి వాకిట నిలిచెను. ఇంజను ఆపించి, ఆ దినమంతయు దాని నట్లే యుంచితిమి.

ప్రయాణపు సాయంకాలము రాముడు ముందుగా నెక్కి గడ్డి నములుచు నిలిచెను. కావేరి సగము వఱకు వచ్చి, వెనుకకు తిరిగి దిగిపోయెను. ఒకటి కాదు, నాలుగు మాఱులు. లారీవాడు విసుగుకొనెను. తమ్ముడు బెత్తము కొఱకు చేయి చాపగా అమ్మ వాని చేయి పట్టుకొని, “మీ నాన్నగారు దీనిమీద ఎన్నడైన చేయి చేసికొనిరా?” యని అడిగెను. వాడు బెత్తము వదలి వంతెన మొదట కూలబడెను. అందఱమును ఊరక కూర్చుంటిమి. గంటకు పైగా గడచెను. చీకటి పడినది. అప్పుడు లోనినుండి రాముడు సకిలించెను. కావేరి చెవులు రెండును ఆ వైపు తిరిగినవి. ఒక్కొక్క యడుగు మోపి, పీచుపట్టాను వాసన చూచుచు, ఎవరును లాగకుండనే లోనికి పోయి రాముని ప్రక్క నిలిచెను. వెనుక గడ బిగించి, పిమ్మట తల కట్టినప్పుడు తమ్ముని చేతులు వణకుటను మేము చూచితిమి.

ఏలూరు ప్రాంతమునుండి హైదరాబాదునకు సుమారు 330 కిలోమీటర్లు. 35 చొప్పున తొమ్మిదిన్నర గంటలు. మేము అమ్మతో తమ్ముని కారులో వెనుకనే పోతిమి. పెద్దబండ్లన్నియు కూతలు వేయుచు మమ్ము దాటిపోయినవి. జగ్గయ్యపేట యొద్దను, నార్కట్‌పల్లి యొద్దను నిలిపి, తలలు విప్పి వంచుకొననిచ్చి, ఇంటి బావినుండి తెచ్చిన నీరే పెట్టితిమి. క్రొత్తనీటి వాసన గిట్టక గుఱ్ఱములు త్రాగక మానుట కలదని డాక్టరుగారు హెచ్చరించియుండిరి. తెల్లవాఱుచుండగా చేరితిమి. కావేరి మోకాళ్ళపై క్రొత్త గీత యొకటియు లేదు.

ఇంగ్లండులో 1836లో లార్డు జార్జి బెంటింక్ అనునతడు ఎలిస్ అను తన పందెపుగుఱ్ఱమును, ఆఱు గుఱ్ఱములు లాగు మెత్తల బండిలో నెక్కించి గుడ్‌వుడ్ నుండి డాంకాస్టరునకు పంపెను. గుఱ్ఱములు పందెములకు నడచిపోవు ఆ కాలమున ఎలిస్ వేళకు చేరజాలదని పందెగాండ్రు తలచిరి. అది అలసట లేక దిగి సెయింట్ లెజరు పందెమును గెలిచెను. ఈ కథ చెప్పగా తమ్ముడు నవ్వి, “అది ట్రైలరే కదక్కయ్యా!” యనెను. నిజమే. ట్రైలరు చెడ్డదని మేమనలేదు. లాగగల బండియు, నడుపగల నేర్పును, తఱచు ప్రయాణములును గలవారికి అదియే మేలు. వాడును తగిన బండి కొన్ననాడు ట్రైలరు కొనును. ఆనాడు మేమే ప్రోత్సహింతుము. అంతవఱకు అర్ధరాత్రి యవసరమునకై, చెప్పినంతనే వచ్చు లారీవానినొకని ఆ యూరనే మాటాడి యుంచితిమి.

సోదరీమణులారా, ఏది కొనవలెనను ప్రశ్న మన యింట పుట్టినప్పుడు, వస్తువుల గుణదోషములకు ముందు దేనికొఱకు కొనుచున్నామో యడుగుకొనుట మేలని మాకీ ప్రయాణము నేర్పినది. మా అమ్మాయి పైకము నిలిచినది. కావేరియు నిలిచినది. రెంటిలో నొకటి పోగొట్టుకొనవలసి యున్నదనియే ఆ రాత్రి మేమనుకొంటిమి.

మొన్న అమ్మ ఫోనులో చెప్పినది. ఆ వంతెన నిప్పుడు పాక ముందర పఱచియుంచిరట. దాణా తొట్టి దానిమీద పెట్టినగాని కావేరి మూతి పెట్టుట లేదట.