ఒక్క నాణెం... కోటి పాయింట్లు!

చేతిలో ఉన్నది ఒకే ఒక్క వంద యెన్ల నాణెం. తెర మీద వానలా కురిసే తూటాలు. రెప్పపాటు ఏమరినా నెలల సాధన నీళ్లపాలే. ఆడేది ఒక్కరే... కానీ ఆ స్కోరు వెనక ఉండేది మాత్రం ఓ జట్టు! టోక్యోలోని గేమ్ సెంటర్లకు వెళ్తే ఆ సంగతి కళ్లారా చూడొచ్చు.

టోక్యో నగరాన్ని గుండ్రంగా చుట్టివచ్చే రైలు మార్గం యమనోతె. అందులోని 30 స్టేషన్లలో ఒకటి తకదనొబాబా. వాసెదా విశ్వవిద్యాలయం దగ్గర్లోనే ఉండటంతో వీధుల నిండా విద్యార్థులే. చవగ్గా దొరికే నూడుల్స్ దుకాణాలు, రైలు వంతెన కింద గోడ మీద రంగురంగుల ఆస్ట్రో బాయ్ బొమ్మలు. కథ ప్రకారం ఆ బుల్లి రోబో 2003 ఏప్రిల్ 7న పుట్టింది ఈ పేటలోనే మరి!

స్టేషన్ నుంచి కాస్త నడిస్తే రెండంతస్తుల్లో 'గేమ్ సెంటర్ మికాడో'. 2009లో ఈ పేటకు వచ్చింది. ఒకప్పుడు మన ఊళ్లలో ఉన్న వీడియో గేమ్ పార్లర్లను గుర్తుచేసుకోండి... దాదాపు అలాంటిదే. కాకపోతే ఇక్కడ కుర్రాళ్ల పక్కనే, ఆఫీసు నుంచి నేరుగా వచ్చిన టై కట్టుకున్న నడివయసు ఉద్యోగులూ కూర్చుంటారు. చుట్టూ చెవులు చిల్లులు పడే మోత. ఆడుతున్నవాళ్లు మాత్రం మునుల్లా మౌనం! వాళ్ల వెనక నిలబడి చూసేవాళ్లూ మాట్లాడరు. ఎవరి కళ్లయినా తెర మీద పైమూలన కదిలే అంకెల మీదే.

ఇన్వేడర్లు దిగిన ఏడాది

ఈ పిచ్చికి బీజం పడింది 1978లో. తైతో సంస్థలో నిషికాదో తొమొహిరో అనే ఇంజినీరు తయారుచేసిన 'స్పేస్ ఇన్వేడర్స్' జపాన్‌ను ఊపేసింది. ఆ ఒక్క ఆట కోసమే ప్రత్యేకంగా దుకాణాలు వెలిశాయంటే నమ్ముతారా? తర్వాత నామ్‌కో తెచ్చిన 'జెవియస్' మరో మెట్టు ఎక్కించింది. అందులో స్కోరు 99,99,990 దగ్గర ఆగిపోతుంది. అంటే కోటికి పది తక్కువ! ఆ శిఖరాన్ని ఎలా చేరాలో వివరిస్తూ 1983లో ఆటగాళ్లే ఓ చిన్న పుస్తకం వేసి అమ్ముకున్నారు. అదే ఏడాది తజిరి సతొషి అనే కుర్రాడు ఆటల కిటుకులతో 'గేమ్ ఫ్రీక్' అనే పత్రిక మొదలుపెట్టాడు. చేత్తో రాసి, పిన్నులు కొట్టి పంచిన కాగితాలవి. ఆ పేరుతోనే తర్వాత వెలసిన సంస్థ తయారుచేసిన ఓ ఆట 1996లో విడుదలైంది. అది మన పిల్లలకూ తెలుసు... పోకెమాన్!

1985లో హడ్సన్ సంస్థ వేసవి సెలవుల్లో 'కారవాన్' పేరుతో ఊరూరా స్కోరు పోటీలు పెట్టింది. సెకనుకు 16 సార్లు బటన్ నొక్కుతాడని పేరుపడ్డ తకహాషి మెయిజిన్ పిల్లల పాలిట సినిమా హీరో అయిపోయాడు.

చావడమూ ఓ ఎత్తే!

'తూటాలు తప్పించుకుంటూ శత్రువుల్ని కాల్చడమేగా' అనుకుంటే పొరపాటే. ప్రాణాలతో చివరిదాకా వెళ్లడం వేరు, స్కోరు కొట్టడం వేరు. కేవ్ సంస్థ తయారుచేయగా 1997లో విడుదలైన 'దోదొన్‌పాచీ'నే తీసుకోండి. ఒక శత్రువును కూల్చాక క్షణాల్లో మరొకదాన్ని కూల్చాలి. అలా గొలుసు తెగకుండా సాగితే పాయింట్లు పెరుగుతూపోతాయి. మధ్యలో కాస్త ఆలస్యమైతే గొలుసు తెగి లెక్క మళ్లీ మొదటికే. అందుకే ఏ విమానం ఏ క్షణాన ఎటునుంచి వస్తుందో ఎక్కంలా కంఠతా పట్టాల్సిందే.

1996 నాటి 'బాటిల్ గరెగ్గా' మరీ విచిత్రం. ఎంత ఎక్కువగా కాలిస్తే, ఎన్ని ఆయుధాలు పోగేసుకుంటే ఆట అంత కఠినమవుతుంది. ప్రాణం పోతే కాస్త మెత్తబడుతుంది. పది లక్షల పాయింట్లకో ప్రాణం అదనంగా వస్తుంది. దాంతో ఆరితేరినవాళ్లు ఎక్కడ బతకాలో కాదు, ఎక్కడ కావాలని చావాలో లెక్క వేసుకుంటారు!

జట్టు ఇలా సిద్ధమవుతుంది

ఇంత లెక్క ఒక్కరి బుర్రకు అందేది కాదు. అందుకే గేమ్ సెంటర్లలో ఓ నోటుపుస్తకం ఉంచేవారు. వచ్చినవాళ్లు తాము కనిపెట్టింది అందులో రాసేవారు. 1986లో మొదలై 1999 దాకా నడిచిన 'గేమెస్ట్' పత్రిక దేశవ్యాప్త స్కోర్లను ప్రచురించేది. ఆ తర్వాత 2015 వరకూ ఆ పని 'ఆర్కేడియా' చేసింది. పత్రికలో పేరు పడేదాకా కిటుకును ప్రాణంలా దాచుకున్నవాళ్లూ లేకపోలేదు. దాచుకోవడమా, పంచుకోవడమా అన్నది ఆటగాళ్ల మధ్య ఎప్పుడూ ఉన్న పేచీయే.

ఇంటర్నెట్‌లో జరిగే జట్టు పోటీలు పంచుకోకపోతే కుదరదని తేల్చేశాయి. సాధారణంగా ఒక్కో ఆటకు కొన్ని రోజుల గడువు ఉంటుంది. సభ్యుల స్కోర్లను బట్టే జట్టు స్థానం. కాబట్టి మొదటి పని నిబంధనలు చదవడం. ఆట ఏ వెర్షన్? కష్టం ఏ స్థాయిలో ఉండాలి? తనంతట తానే కాల్చే బటన్ వాడొచ్చా? వీటిలో ఏది తప్పినా ఎంత స్కోరైనా చెల్లదు. టోక్యో సెంటర్లలో ఏ బటన్ ఎంత వేగంగా కాలుస్తుందో చీటీ రాసి అంటించేది అందుకే.

తర్వాత పని పంపకం. జ్ఞాపకశక్తి ఉన్నవాళ్లకు గొలుసు ఆటలు, చేతివేగం ఉన్నవాళ్లకు తూటాల ఆటలు. ఒకరు మొదటి దశకు దారి కనిపెడితే, మరొకరు ఆఖరి రాక్షస యంత్రం పని పడతారు. కష్టమైన ఆ ఇరవై సెకన్లనే ఇంట్లో వందసార్లు సాధన చేసి, వీడియో తీసి మిగిలినవాళ్లకు పంపుతారు. అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రం... ముందు ఓ మాదిరి స్కోరును క్షేమంగా నమోదు చేయాలి. సాహసాలు ఆ తర్వాతే. ఒక్కరు ఖాళీ చేతులతో మిగిలినా జట్టంతా మునుగుతుంది కదా!

వంద యెన్ల చిక్కు

ఇంతమందిని తయారుచేసిన గేమ్ సెంటర్లే ఇప్పుడు కష్టాల్లో ఉన్నాయి. 1986లో జపాన్‌లో 26 వేలకు పైగా ఉన్నవి 2019 నాటికి సుమారు 4 వేలకు తగ్గాయి. ఇంటింటికీ గేమ్ యంత్రాలు రావడం ఒక కారణం. రెండోది, ఆ వంద యెన్ల నాణెమే. 1989లో 3 శాతంతో మొదలైన అమ్మకం పన్ను 2019లో 10 శాతమైంది. వేరే దుకాణాలవాళ్లు ధర పెంచుకున్నారు. నాణెం వేస్తేనే కదిలే యంత్రానికి 110 యెన్లు అడిగేదెలా? ఆ భారమంతా యజమాని నెత్తినే పడింది. పులి మీద పుట్రలా 2020లో కరోనా. అకిహబారాలో సెగా నడిపిన పెద్ద సెంటర్ ఒకటి ఆ ఆగస్టులోనే మూతపడింది. మికాడో తలుపులు మూసుకున్నప్పుడు మాత్రం అభిమానులు ఊరుకోలేదు. ఇంటర్నెట్ ద్వారా విరాళాలు పోగుచేసి ఇచ్చారు. పోటీలను యూట్యూబ్‌లో ప్రసారం చేస్తూ వాళ్లకు చేరువగా ఉండటం మికాడోకు అలా అక్కరకొచ్చింది.

వెళ్లాలనుకుంటే...

తకదనొబాబా చూశాక అదే యమనోతె రైలెక్కి అకిహబారాలో దిగండి. అక్కడి తైతో వారి 'హే' సెంటర్ పాత షూటింగ్ ఆటలకు పెట్టింది పేరు. లోపల ఆడేవారిని చూడొచ్చు, పలకరించకూడదు. అనుమతి లేకుండా ఫొటోలు తీయకూడదు. పిల్లలతో వెళ్తే ఒక నియమం గుర్తుంచుకోవాలి. సాయంత్రం 6 దాటాక 16 ఏళ్లలోపు వాళ్లకు పెద్దల తోడు ఉండాల్సిందే.

ఆట ముగిశాక స్కోరు పట్టిక మీద ఓ కన్నేయండి. ఈ యంత్రాల్లో చాలావాటిలో విజేత పేరుకు దక్కే చోటు మూడంటే మూడే అక్షరాలు. జపాన్ ఆటగాళ్లు ఒకప్పుడు పత్రికలకు స్కోరు పంపినప్పుడు తమ పేరు ముందు జట్టు పేరు చేర్చి రాసింది బహుశా అందుకే కావచ్చు. దారి చూపినవాళ్లందరికీ ఆ మూడక్షరాల్లో చోటు దొరకదుగా మరి!