ఆదివారపు బడి

చదువుకు అంతు లేదని పెద్దలు చెప్పగా చిన్ననాటి నుంచీ వింటూనే ఉన్నాము. అయితే విన్న ప్రతివాడూ అది ఎదుటివాడికి వర్తించే మాట అనుకుంటాడు గాని, తనకు అన్వయించుకోవడం అరుదు. పట్టా చేతికి వచ్చి, ఉద్యోగం స్థిరపడి, గది తలుపు మీద మన పేరుతో ఒక పలక వెలసేనాటికి, ఇక నేర్వవలసినది లేదన్న ధీమా మనలో పాతుకుపోతుంది. అందుకు నేనూ మినహాయింపు కాను. ఆ ధీమాను సడలించిన ఒక ఆదివారం గురించి మన పత్రిక పాఠకులతో నాలుగు మాటలు పంచుకోవాలని ఈ ప్రయత్నం.

మా అమ్మాయి పిల్లల వైద్యురాలు. ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపైన మూడేళ్ళు శ్రమించి ఎం.డి. పట్టా పుచ్చుకున్నది. అయినా నెలకో రెండు నెలలకో ఒక ఆదివారం పొద్దున్నే సంచి భుజాన వేసుకుని, "నాన్నా, ఈ రోజు సి.ఎం.ఇ. ఉంది" అంటూ బయలుదేరుతుంది. నిరంతర వైద్య విద్య అని దానికి తెలుగు. మా అమ్మకు ఇది బొత్తిగా గిట్టదు. "అంత చదువు చదివి ఇంకా బడేమిటే తల్లీ! వారానికి దొరికే ఒక్క సెలవూ దానికేనా?" అని సణుగుతూ ఉంటుంది.

ఒక ఆదివారం వాన పట్టుకోవడంతో అమ్మాయిని నేనే కారులో జిల్లా కేంద్రానికి తీసుకువెళ్ళాను. నిర్వాహకులు సహృదయులు. వెనుక వరుసలో కూర్చుని చూడనిచ్చారు. ఏదో ఉపన్యాసం ఉంటుందని, కునుకు తీయవచ్చని ఆశపడ్డాను. అక్కడ ఉపన్యాసం కొంచెమే. నాలుగు బల్లలు, ఒక్కో బల్ల మీద అప్పుడే పుట్టిన శిశువంత రబ్బరు బొమ్మ, చేతితో నొక్కితే గాలినిచ్చే సంచి, చిన్న మాస్కు, గోడకు పెద్ద గడియారం. పుట్టిన బిడ్డ ఏడవకపోతే ఏమి చేయాలన్నది ఆనాటి పాఠం.

ఆ మొదటి అరవై సెకన్లను వైద్యులు "బంగారు నిమిషం" అంటారట. బిడ్డను తుడిచి, వెచ్చగా ఉంచి, వీపు నిమిరినా ఊపిరి అందుకోకపోతే, ఆ నిమిషం ముగిసేలోగా మాస్కు పెట్టి గాలి అందించడం మొదలుపెట్టాలి. వినడానికి ఎంత తేలికో, చేయడానికి అంత కష్టం. తల ఎక్కువ వంచినా, ఎక్కువ వెనక్కి వాల్చినా గాలి లోపలికి పోదు. మాస్కు అంచు ఏ కొంచెం లేచినా గాలి పక్కకు పోతుంది.

ఒక బల్ల దగ్గర అరవై దాటిన డాక్టరుగారు ఒకరు నిలబడ్డారు. ఆ ప్రాంతంలో ఆయన చేతి మందు తాగని ఇల్లు లేదని అమ్మాయి చెప్పింది. ఆయన సంచి నొక్కారు. బొమ్మ ఛాతీ లేవలేదు. మళ్ళీ నొక్కారు, లేవలేదు. నేర్పుతున్న యువకుడు ఆయన శిష్యుడు కాదగిన వయసువాడు. "సార్, గడ్డం కింద ఒక్క వేలు ఆనించండి, తల ఇలా ఉంచండి" అని ఎంతో వినయంగా సరిచేశాడు. మూడోసారి ఛాతీ చక్కగా పొంగింది. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. ఆ బొమ్మ వంక చాలాసేపు చూస్తూ నిలబడిపోయారు. ఆయన మనసులో ఏయే బిడ్డలు మెదిలారో ఎవరికి తెలుసు!

చేతి నేర్పు మాట అలా ఉంచి, పాఠమే మారిపోతూ ఉంటుందని ఆ రోజు గ్రహించాను. ఊపిరి అందని బిడ్డకు నూటికి నూరుపాళ్ళ ఆక్సిజన్ ఇవ్వడమే ఒకప్పటి పద్ధతి. నెలలు నిండిన బిడ్డకు మామూలు గాలితో ప్రారంభించడమే మేలని 2010 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. ఉమ్మనీటిలో మలం కలిసి, బిడ్డ నీరసంగా పుడితే, వెంటనే శ్వాసనాళంలోకి గొట్టం దించి పీల్చివేయడం మరొక ఆచారం. ప్రతి బిడ్డకూ అలా చేయనక్కరలేదని, ఊపిరి అందించడంలో జాప్యం కూడదని 2015లో తేల్చారు. 2005లో పట్టా పుచ్చుకున్న వైద్యుడు అక్కడే ఆగిపోతే, తాను శ్రద్ధగా నేర్చుకున్నదానినే శ్రద్ధగా పొరపాటుగా చేస్తూ ఉంటాడన్నమాట.

ఇంజనీరును గనుక నాకు మన ప్రెషర్ గేజ్ గుర్తుకు వచ్చింది. ప్రతి గేజ్ మీదా ఒక చీటీ ఉంటుంది: చివరిసారి సరిచూసిన తేదీ, మళ్ళీ సరిచూడవలసిన తేదీ. చెడిపోయి ఆగిపోయిన గేజ్ వల్ల ప్రమాదం తక్కువ, అది చెడినదని కంటికి కనిపిస్తుంది. ముల్లు నిబ్బరంగా కదులుతూ తప్పు అంకె చూపే గేజ్ వల్లనే అసలు ప్రమాదం. అద్దం తళతళలాడుతూనే ఉంటుంది, అనుమానించడానికి ఆనవాలు ఉండదు.

అన్నట్టు, నా చీటీ మీది తేదీ సంగతి కూడా చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం నన్ను రిఫ్రెషర్ కోర్సుకు పంపితే, హాజరు పట్టీలో సంతకం పెట్టి, వెనుక వరుసలో దినపత్రిక చదువుకుని వచ్చాను. ఆరు నెలలకు ఒక రాత్రి షిఫ్టులో పంపు ఒకటి మొరాయిస్తే, పాత పద్ధతినే ఆదేశించబోయాను. పక్కనున్న కుర్ర టెక్నీషియన్, "సార్, ఆ పద్ధతి మార్చారు కదండీ, మీతో పాటే నేర్చుకున్నాను" అన్నాడు. అతడు ఆపకపోతే యంత్రం దెబ్బతినేది. నా పొరపాటుకు మూల్యం ఇనుము చెల్లించేది. వైద్యుని పొరపాటుకు మూల్యం చెల్లించేది ఎవరు?

ఆ ప్రశ్నకు జవాబు మా ఇంట్లోనే ఉన్నది. ఆ రాత్రి భోజనాల దగ్గర నేను ఈ విశేషాలు చెబుతుంటే, మాట అతిసారం మీదికి మళ్ళింది. అమ్మ అన్నం కలుపుతున్న చేయి ఆపింది. 1979 వేసవిలో నా చెల్లెలు రెండేళ్ళ పిల్ల. వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పొరుగూరి డాక్టరుగారు మంచివారు, అర్ధరాత్రి సైకిలు మీద వచ్చారు. "కడుపుకు విశ్రాంతి కావాలి, చుక్క నీరు పోయకండి" అన్నారు. చెల్లెలు "నీళ్ళు" అని అడుగుతూనే ఉన్నది. అమ్మ తడిగుడ్డతో పెదవులు మాత్రం అద్దింది. మరునాటి సాయంత్రానికి అడగడం మానేసింది.

అమ్మాయి నెమ్మదిగా చెప్పుకొచ్చింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. నరాలకు ఎక్కించే సెలైను సీసాలు నిండుకున్నాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీటిలో కలిపి, బంధువుల చేతనే రోగులకు తాగించారు. నూటికి ముప్పైమంది దాకా మరణిస్తున్న చోట ఆ సంఖ్య నాలుగులోపునకు దిగింది. గ్లూకోజు తోడుంటే పేగు ఉప్పునూ నీటినీ లోపలికి లాక్కుంటుంది. విరేచనాలు అవుతున్నా ఈ ద్వారం మూసుకోదు. ఆ మహానుభావుడు 2022లో కన్నుమూశారు. 2023లో ప్రభుత్వం మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది.

అంతా విని అమ్మ ఒక్కటే అడిగింది. "అయితే చెల్లి పోకముందే ఎనిమిదేళ్ళ కిందట తెలిసిందన్నమాట. మరి మా డాక్టరుగారికి ఎవరూ చెప్పలేదా?"

"చెప్పేవాళ్ళు ఆయన దాకా రాలేదు నాన్నమ్మా. ఆయన నేర్చుకున్నదే ఆయన చెప్పారు."

"ఆయనను తప్పుపట్టడం లేదమ్మా" అన్నది అమ్మ. తరువాత ఎవరమూ మాట్లాడలేదు.

తెలిసినవానికీ తెలియవలసినవానికీ మధ్య ఉన్న ఆ దూరాన్ని తగ్గించడమే నిరంతర వైద్య విద్య పని. 1963లో ఏర్పడిన భారత శిశువైద్య అకాడమీ వంటి సంఘాలు ఇటువంటి శిక్షణలు నడుపుతున్నాయి. వైద్యుడు అయిదేళ్ళకు కనీసం 30 గంటలు ఇందుకు వెచ్చించాలని 2002 నాటి వైద్యవృత్తి నియమావళి చెబుతున్నది. అంటే ఏడాదికి ఆరు గంటలు. సంతకం పెట్టి భోజనం చేసి వెళ్ళిపోయేవారు అక్కడా ఉంటారని అమ్మాయి ఒప్పుకున్నది. గంటలు లెక్కించడం సులభం, ఛాతీ లేచిందో లేదో చూడడమే కష్టం. ఖర్చు ఎవరు పెడుతున్నారన్నదీ చిన్న ప్రశ్న కాదు. శిశు ఆహార కంపెనీలు వైద్యుల సభలకు, కోర్సులకు డబ్బు ఇవ్వరాదని మన 1992 నాటి చట్టమే నిషేధించింది.

ఓ.ఆర్.ఎస్. సూత్రం కూడా ఉన్నచోట ఉండలేదు. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉప్పు, గ్లూకోజుల పాళ్ళు తగ్గించింది. 2004లో 10 నుంచి 14 రోజులు జింకు కూడా ఇమ్మన్నది. ఆ పేరు తగిలించుకున్న తీపి పానీయాల మీద హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ వాడకాన్ని నిలిపివేసింది. కనుక కాలనీలోని తల్లులకు నా మనవి: సరైన సూత్రం ముద్రించిన పొట్లం ఇంట ఉంచండి. పొట్లం మీద చెప్పినన్ని శుభ్రమైన నీటిలో పూర్తిగా కలపండి, ఇరవైనాలుగు గంటలు దాటితే పారబోయండి. బిడ్డకు తల్లిపాలు, ఆహారం ఆపకండి. మగతగా ఉన్నా, తాగలేకపోయినా, మూత్రం తగ్గినా, విరేచనంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

నా మట్టుకు నేను, ఈసారి రిఫ్రెషర్ కోర్సుకు పిలుపు వచ్చినప్పుడు మొదటి వరుసలో కూర్చున్నాను. దినపత్రిక ఇంట్లోనే వదిలి వెళ్ళాను.

తరువాతి నెలలో ఒక ఆదివారం అమ్మాయి మళ్ళీ సంచి సర్దుకుంటున్నది. అమ్మ అప్పటికే లేచి వంటింట్లో ఉన్నది. ఇడ్లీలు డబ్బాలో పెట్టి, మంచినీళ్ళ సీసా నింపి మనవరాలి చేతికి ఇచ్చింది.

"బాగా విని రా తల్లీ" అన్నది.